ఎకరాల్లో దున్నేవాడికి హెక్టార్లలో లెక్కలా?

మన పాస్ పుస్తకంలో భూమి ఎకరాల్లో ఉంటుంది. పంట నష్టం ఉత్తర్వు హెక్టార్లలో వస్తుంది. పురుగుమందు డబ్బా మీద మోతాదు హెక్టారుకు రాసి ఉంటుంది. తోట వేయబోతే మొక్కల లెక్క హెక్టారుకు చెబుతారు, గుంతల మధ్య దూరం మీటర్లలో చెబుతారు, మన ఇంట్లో ఉన్న టేపు మాత్రం అడుగుల్లో ఉంటుంది. ప్రభుత్వం భూమి తీసుకునేటప్పుడు ఎకరాల్లో తీసుకుంటుంది, ప్లాటు తిరిగి ఇచ్చేటప్పుడు గజాల్లో ఇస్తుంది. ఒకే నేలకు ఇన్ని లెక్కలు. ఈ లెక్కలన్నీ ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి మార్చుకునే పని ఎవరిది? రాసేవాడిది కాదట, చదువుకునే రైతుదట. పదో తరగతి దాటని మనలాంటి వాళ్లదట.

ఇది చిన్న విషయమని కొందరు మిత్రులు అంటున్నారు. మద్దతు ధర గురించి, కౌలు రైతుల గురించి, కరెంటు మోటార్ల గురించి రాయకుండా గజాలూ గుంటలూ ఏమిటని అడుగుతున్నారు. వాటి గురించి రాస్తూనే ఉన్నాం, రాస్తూనే ఉంటాం. కానీ మన చేతికి వచ్చే ప్రతి రూపాయి విస్తీర్ణం మీద లెక్క కట్టి వస్తుంది. పెట్టుబడి సాయం, బీమా, బ్యాంకు అప్పు, పరిహారం, డ్రిప్పు రాయితీ, అన్నిటికీ ముందు అడిగేది ఒక్కటే: ఎంత భూమి? ఆ ప్రశ్నకు జవాబు తప్పయితే తర్వాత వచ్చే లెక్కలన్నీ తప్పే.

ఈ కొలతలు ఎక్కడివి?

మన తాతల కాలంలో నేలను విత్తనంతో కొలిచేవారు. కుంచెడు విత్తనాలు పట్టే మడి, తూమెడు చేను, పుట్టెడు భూమి అనేవారు. ఇంటి స్థలాలకు అంకణాలు ఉండేవి, నెల్లూరు అంకణం ఒకటి, తిరుపతి అంకణం ఒకటి. తర్వాత ఇంగ్లీషు వాళ్లు గొలుసు తెచ్చారు. ఎడ్మండ్ గుంటర్ అనే ఇంగ్లండు గణిత పండితుడు 1620 ప్రాంతంలో తయారుచేసిన గొలుసు అది. పొడవు 66 అడుగులు, అందులో 100 లింకులు. ఆ గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉన్న పది ముక్కలు కలిపితే ఎకరం. సర్వే శాఖలో చైన్‌మన్ అనే ఉద్యోగం పేరు ఆ గొలుసు నుంచి వచ్చిందే.

మద్రాసు రాజధాని కింద ఉన్న కోస్తా, రాయలసీమల్లో ఎకరాన్ని 100 సెంట్లు చేశారు. నిజాం రాజ్యంలో బొంబాయి సర్వే పద్ధతి తెచ్చారు, అక్కడ ఎకరాన్ని 40 గుంటలు చేశారు. ఎకరం రెండు చోట్లా ఒకటే, 4,840 గజాలు. దాన్ని ముక్కలు చేసిన తీరే వేరు.

1956లో పార్లమెంటు మెట్రిక్ కొలతల చట్టం చేసింది. శేరు పోయి కిలో వచ్చింది, మైలు పోయి కిలోమీటరు వచ్చింది. దుకాణదారుడికి కొత్త తూనికరాళ్లు ఇచ్చారు, పాతవి తీసేశారు. 1976లో మరో చట్టం, 2009లో లీగల్ మెట్రాలజీ చట్టం వచ్చాయి. వీటన్నిటి ప్రకారం కొలత అంటే మీటరే. కానీ పొలం దగ్గరికి వచ్చేసరికి ఏ ప్రభుత్వమూ ఆ పని పూర్తి చేయలేదు. రాజ్యాంగం ప్రకారం తూనికలు, కొలతల ప్రమాణాలు కేంద్రం జాబితాలో ఉన్నాయి, భూమి రాష్ట్రాల జాబితాలో ఉంది. అందుకే ఢిల్లీ నుంచి వచ్చే కాగితం హెక్టారులో వస్తుంది, హైదరాబాదు, అమరావతి నుంచి వచ్చే కాగితం ఎకరంలో వస్తుంది. రెండు కాగితాలూ వచ్చి పడేది ఒకే రైతు చేతిలో.

ఒక చుక్క తినేసే భూమి

మాది రెండు రాష్ట్రాల సరిహద్దు. మధిర, సత్తుపల్లి వైపు గుంటలు, తిరువూరు, నూజివీడు వైపు సెంట్లు. ఇటు ఒక మామిడి ముక్క, అటు ఒక ముక్క ఉన్న కుటుంబాలు మా దగ్గర ఎన్నో. 1.20 అని రాస్తే ఇటువైపు ఎకరం 20 గుంటలు, అంటే ఎకరంన్నర. అటువైపు ఎకరం 20 సెంట్లు. చుక్క ఒకటే, అంకె ఒకటే, తేడా 30 సెంట్లు.

తెలంగాణ పాస్ పుస్తకంలో ఎకరాల తర్వాత పెట్టే చుక్క దశాంశం చుక్క కాదు. ఆ తర్వాత ఉన్నవి గుంటలు. ఈ సంగతి ఊళ్లో పశువులు కాసే పిల్లవాడికి కూడా తెలుసు. ఏసీ గదిలో కంప్యూటర్ ముందు కూర్చున్న వాళ్లలో కొందరికి తెలియదు. మా సంఘం దగ్గరికి ఒక రైతు కాగితాలు పట్టుకొచ్చాడు. ఆయనకు మూడు బిట్లు. 1.30, 0.35, 1.25. తోట అప్పు కోసం వెళ్తే ఒక బ్యాంకు శాఖలో క్యాలిక్యులేటర్ మీద కూడి 2.90 ఎకరాలు అని రాశారు. అసలు లెక్క చూడండి. రెండెకరాలు, పైన 90 గుంటలు. 40 గుంటలు ఒక ఎకరం కాబట్టి 90 గుంటలంటే రెండెకరాల 10 గుంటలు. మొత్తం నాలుగెకరాల 10 గుంటలు, అంటే 4.25 ఎకరాలు. ఒక్క కూడికలో ఎకరం 14 గుంటలు మాయమైంది. అప్పు ఆ మేరకు తగ్గింది. ఎవరూ దొంగతనం చేయలేదు, లంచం అడగలేదు. చుక్కను తప్పుగా చదివారు, అంతే. నష్టపోయింది మాత్రం రైతు.

35 గుంటలు ఉన్నవాడిని తీసుకోండి. అది ఎకరంలో 87.5 సెంట్లు. 0.35 అని చూసి 35 సెంట్లు అనుకుంటే సగానికి పైగా పోయింది. చిన్న రైతుకే ఈ దెబ్బ పెద్దది. సరిగ్గా పదెకరాలు ఉన్నవాడికి గుంటల బాధ లేదు. గుంటల్లో బతికేవాడికే ఆ చుక్క ప్రాణం మీదకు వస్తుంది. తెలంగాణలో రైతు భరోసా సీజనుకు ఎకరాకు 6,000 రూపాయలు, అంటే గుంటకు 150. ఏ లెక్కలోనైనా ఎకరం 20 గుంటలను 1.20 ఎకరాలుగా చదివితే 12 గుంటలు పోయినట్టు, సీజనుకు 1,800 పోయినట్టు. కూలి మనిషిని పెట్టి కలుపు తీయించే డబ్బు అది.

హెక్టారులో పెద్దగా, ఎకరంలో చిన్నగా

పాలకులకు హెక్టారు అంటే ఇష్టం ఎందుకో పరిహారం ప్రకటనలు చూస్తే అర్థమవుతుంది. హెక్టారుకు చెబితే అంకె దాదాపు రెండున్నర రెట్లు పెద్దగా వినిపిస్తుంది.

2024 సెప్టెంబరు మొదట్లో వానలు మనల్ని ముంచాయి. ఖమ్మంలో మున్నేరు, విజయవాడలో బుడమేరు ఇళ్ల మీదికి వచ్చాయి. తెలంగాణ ప్రభుత్వం పంట నష్టానికి ఎకరాకు 10 వేలు అంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వరికి హెక్టారుకు 25 వేలు అంది. మా సరిహద్దు ఊళ్లలో ఆ వారమంతా ఇదే గొడవ. అటువాళ్లకు 25 వేలట, మనకు 10 వేలేనట అని ఇటు రైతులు, మనకు ఎక్కువే ఇస్తున్నారని అటు రైతులు. లెక్క వేసి చూస్తే హెక్టారుకు 25 వేలంటే ఎకరాకు 10,117 రూపాయలు. తేడా నూటపదిహేడు రూపాయలు. రెండు వైపుల రైతులూ ఒకరి మీద ఒకరు అసూయ పడింది నూటపదిహేడు రూపాయల కోసం. అదే కొలతలో చెప్పి ఉంటే, ఈ 10 వేలు దమ్ము, నాట్లు, ఎరువుల ఖర్చుకు ఏ మూలకు సరిపోతాయని ఇద్దరూ కలిసి అడిగేవాళ్లు.

కేంద్ర విపత్తు సహాయ నిధి నిబంధనలు ఇంకా స్పష్టంగా ఉన్నాయి. 2022-26 కాలానికి, పంట 33 శాతం, ఆపైన దెబ్బతింటే వర్షాధార పంటకు హెక్టారుకు 8,500, నీటి వసతి ఉన్న పంటకు 17,000, మామిడి, కొబ్బరి వంటి బహువార్షిక తోటలకు 22,500. ఎకరాల్లో చెప్పుకుందాం. వర్షాధారానికి 3,440. నీటి వసతి పంటకు 6,880. తోటలకు 9,105. పదేళ్లు పెంచిన మామిడి చెట్లు ఎకరం మేర దెబ్బతింటే కేంద్రం నిబంధన చెప్పేది 9,105 రూపాయలు. "22,500" అని పేపర్లో చదివినప్పుడు రాని కోపం "9,105" అని చదివినప్పుడు వస్తుంది. ఆ కోపం రాకూడదనే హెక్టారు.

ఆయిల్ పామ్ కూడా అంతే. 2021లో మొదలైన జాతీయ వంటనూనెల మిషన్‌లో మొక్కలకు సాయం హెక్టారుకు 29 వేలు చేశామని గొప్పగా చెప్పారు. సభలో విన్న రైతు తన ఎకరానికి 29 వేలు అనుకుంటాడు. ఎకరాకు వచ్చేది 11,700 చిల్లర.

ఇక్కడ ఇంకో చిన్న కత్తెర ఉంది. హెక్టారు అంటే కచ్చితంగా 2.471 ఎకరాలు. ఆఫీసుల్లో సులువు కోసం రెండున్నర అనుకుంటారు. తోట పరిహారాన్ని రెండున్నరతో భాగిస్తే ఎకరాకు 9,000 వస్తుంది, 105 రూపాయలు ఎగిరిపోతాయి. ఒకరికి 105, మండలంలో వెయ్యి ఎకరాలకు లక్షా ఐదు వేలు. సులువు ఆఫీసుది, నష్టం మనది.

ఐదెకరాల రైతు, 280 గజాలు

"సన్నకారు రైతు ఒక హెక్టారు లోపు, చిన్న రైతు రెండు హెక్టార్ల లోపు" అన్నది దేశమంతా వాడే నిర్వచనం. మన వాడుకలో రెండున్నర ఎకరాలు, ఐదెకరాలు. ఊళ్లో ఎవర్ని అడిగినా చిన్న రైతు అంటే ఐదెకరాల వాడే. కానీ రెండు హెక్టార్లు ఐదెకరాలు కాదు. 4 ఎకరాల 94 సెంట్లు. గుంటల్లో 4 ఎకరాల 37.7 గుంటలు. తండ్రి ఇచ్చిన నిండు ఐదెకరాలు ఉన్న రైతు 280 గజాల తేడాతో గీత దాటిపోతాడు. 280 గజాలంటే ఒక కల్లం, ఒక పశువుల పాక.

2019 ఫిబ్రవరిలో కేంద్రం పీఎం కిసాన్ ప్రకటించినప్పుడు రెండు హెక్టార్ల లోపు వాళ్లకే అని గీత గీసింది. ఆ ఏడాదే తర్వాత ఆ గీత తీసేశారు కాబట్టి ఆ పథకంలో గొడవ తీరింది. కానీ అదే గీత వేరే చోట్ల ఇంకా ఉంది. విపత్తు సాయం ఒక్కో రైతుకు రెండు హెక్టార్ల వరకే. ఐదెకరాల తోట మొత్తం నేలకూలినా 4.94 ఎకరాలకే లెక్క.

2006 అటవీ హక్కుల చట్టంలో గరిష్ఠ పరిమితి నాలుగు హెక్టార్లు. పోడు రైతులకు ఎవరు చెప్పినా పదెకరాలు అనే చెబుతారు. నాలుగు హెక్టార్లు 9 ఎకరాల 35 గుంటలు మాత్రమే. పదెకరాలు దున్నుతున్న గిరిజన కుటుంబానికి మిగిలిన నాలుగున్నర గుంటల మీద పట్టా రాదు. ఆ నాలుగున్నర గుంటల్లో ఫారెస్టు వాళ్లు కందకం తీయడానికి వస్తే, ఎందుకు వచ్చారో ఆ కుటుంబానికి ఎవరూ చెప్పి ఉండరు.

తోటల్లో ఈ బాధ ఇంకా ఎక్కువ

వరి మడిలో తేడా వస్తే నారు కట్ట ఎక్కువతక్కువ అవుతుంది. తోట అలా కాదు. ఒకసారి గుంత తీసి మొక్క పెడితే ముప్పై నలభై ఏళ్లు దాన్ని మార్చలేం.

మామిడి పాత పద్ధతిలో పది మీటర్ల దూరం అంటారు. హెక్టారుకు 100 చెట్లు, ఎకరాకు 40. అడుగుల్లో పది మీటర్లంటే 32 అడుగుల 10 అంగుళాలు. మన పెద్దలు 33 అడుగులు పెట్టేవారు. 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు అంటే సరిగ్గా ఒక గుంట. గుంటకో చెట్టు, ఎకరానికి నలభై చెట్లు. ఇంత అందమైన లెక్క మన దగ్గరే ఉండగా పదో మీటరు ఎక్కడ పడుతుందో వెతుక్కోవాల్సి వస్తోంది. ఆయిల్ పామ్ తొమ్మిది మీటర్ల త్రికోణంలో పెడితే హెక్టారుకు 143 మొక్కలు, ఎకరాకు 57. త్రికోణంలో పెట్టాల్సింది చతురస్రంలో, మీటర్లలో కొలవాల్సింది అంచనా అడుగుల్లో వేస్తే మొక్కల లెక్క తప్పుతుంది. మొక్కల లెక్క తప్పితే తనిఖీకి వచ్చినవాడు నీ తోట విస్తీర్ణం తక్కువ అంటాడు, రాయితీ కోస్తాడు.

మందుల సంగతి ప్రమాదం. డబ్బా మీద మోతాదు హెక్టారుకు ఉంటుంది, అక్షరాలు చీమ తలంత. హెక్టారుకు 500 మిల్లీలీటర్లు అని ఉంటే ఎకరాకు 200. అది ఎకరాకే అనుకుని 500 పోస్తే రెండున్నర రెట్లు మందు కొట్టినట్టు. డబ్బు దండగ, కొట్టే మనిషి ఒంటికి చేటు, మిత్ర పురుగుల నాశనం. చివరికి మిర్చిలో, మామిడిలో మందు అవశేషాలు ఉన్నాయని సరుకు వెనక్కి కొడితే అప్పుడు రైతుకు అవగాహన లేదు అంటారు. అవగాహన లేనిది ఎవరికి? ఎకరాల్లో సాగుచేసే దేశంలో హెక్టార్లలో డబ్బా ముద్రించేవాడికా, మనకా? జింక్ సల్ఫేట్ హెక్టారుకు 50 కిలోలు, ఎకరాకు 20 కిలోలు అని ఒకే వరుసలో రెండూ రాయడానికి ఎంత సిరా ఖర్చవుతుంది?

ఎకరాలు పుచ్చుకుని గజాలు ఇవ్వడం

భూమి రైతు చేతిలో ఉన్నంత కాలం ఎకరం. రియల్ ఎస్టేటు చేతికి వెళ్లగానే గజం. ఎకరం 50 లక్షలకు అమ్మినవాడు మంచి ధర వచ్చిందనుకుంటాడు. గజాల్లో అది 1,033 రూపాయలు. పక్కన వెంచర్లో గజం ఎంతో ఒకసారి అడిగి రండి.

2015లో అమరావతి భూసమీకరణలో 33 వేల ఎకరాలకు పైగా రైతులు ఇచ్చారు. మెట్ట ఎకరానికి 1,000 గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం. జరీబు ఎకరానికి 1,000, 450. ఏటా కౌలు వేరే. వెయ్యి గజాలు అంటే వినడానికి పెద్దగా ఉంటుంది. ఎకరం 4,840 గజాలు కాబట్టి మెట్ట రైతుకు తిరిగి వచ్చేది నూటికి 26, జరీబు రైతుకు నూటికి 30. రోడ్లకు, పార్కులకు, ప్రభుత్వ భవనాలకు భూమి కావాలి, ఒప్పుకుందాం. ఆ ఒప్పందం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. మేము అడిగేది ఒక్కటే. నూటికి 26 అని కాగితం పైన రాసి సంతకం అడిగితే ఏమయ్యేది? ఇచ్చేదాన్ని ఒక కొలతలో, తీసుకునేదాన్ని ఇంకో కొలతలో చెప్పే ఏ ఒప్పందం దగ్గరైనా రైతు కలం కింద పెట్టి ముందు లెక్క వేసుకోవాలి.

"మెట్రిక్‌లో మార్చాం, అందుకే తగ్గింది"

ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో రీసర్వే మొదలైంది. డ్రోన్లు, రోవర్లు వచ్చాయి, సర్వే నంబర్ల బదులు ఎల్‌పీఎం నంబర్లు వచ్చాయి. తెలంగాణలో 2025లో భూభారతి చట్టం వచ్చింది, లైసెన్సు సర్వేయర్లను తయారుచేస్తున్నారు. కొలత కచ్చితంగా ఉండటం మనకూ కావాలి. పాత గొలుసు సాగేది, పొదల్లో వంగేది, పాత విస్తీర్ణాల్లో తప్పులు ఉన్నాయి. ఇవన్నీ నిజమే.

కానీ కొత్త కాగితంలో భూమి తగ్గిందని అడిగిన రైతుకు "మీటర్లలోకి మార్చాం కదా, కొంత తేడా వస్తుంది" అని జవాబు చెబితే నమ్మకండి. కొలత పేరు మారితే భూమి తగ్గదు. బియ్యాన్ని శేర్లలోంచి కిలోల్లోకి మారిస్తే గింజలు తగ్గుతాయా? తగ్గిందంటే మూడే కారణాలు. పాత కొలత తప్పు, లేదా హద్దు జరిగింది, లేదా మార్చేటప్పుడు చివరి అంకెలు కోసేశారు. ఏ కారణమో రాతపూర్వకంగా చెప్పించుకోవడం మన హక్కు.

మీరే సరిచూసుకోవచ్చు. ఎకరం 4,046.86 చదరపు మీటర్లు. మీకు 3 ఎకరాల 75 సెంట్లు ఉందనుకోండి. 15,176 చదరపు మీటర్లు రావాలి. కొత్త కాగితంలో 1.49 హెక్టార్లు అని ఉంటే అది 14,900. అంటే 276 చదరపు మీటర్లు, 330 గజాలు తక్కువ. అది మార్పిడి తేడా కాదు, హద్దు దగ్గరికి వెళ్లి చూడాల్సిన తేడా.

అంకెలు కోయడం చిన్నదని అనుకోకండి. ఎకరాన్ని 0.4047 హెక్టారు అనకుండా 0.40 అని రాస్తే ఎకరాకు 56 గజాలు పోతాయి. వెయ్యి ఎకరాల ఊళ్లో అది 11 ఎకరాల 58 సెంట్లు. 66 అడుగుల గొలుసు అనుకుని 20 మీటర్ల టేపుతో కొలిచి ఎకరం పంచినా సరిగ్గా అంతే తగ్గుతుంది. అన్నదమ్ముల పంపకాల్లో తగాదాలు పెరిగేది ఇలాంటి చోటే. టేపు ఏదో చూసుకోకుండా అన్న మీద తమ్ముడు, తమ్ముడి మీద అన్న కేసులు వేసుకుంటున్నారు.

వాళ్ల వాదన, మన జవాబు

"ప్రపంచమంతా హెక్టారుకు మారింది, రైతులూ నేర్చుకోవాలి" అంటారు. నేర్చుకుంటాం. ఈ పత్రికలో రాస్తున్నది అందుకే. కానీ నేర్చుకోమని చెప్పే ప్రభుత్వమే పాస్ పుస్తకం ఎకరాల్లో ఇస్తోంది, సాయం ఎకరాల్లో ప్రకటిస్తోంది, స్టాంపు డ్యూటీ గజాల్లో వసూలు చేస్తోంది. తనకు ఎక్కడ ఏది అనుకూలమో అక్కడ అది వాడుతూ, మనల్ని మాత్రం ఒకటే నేర్చుకోమంటే కుదరదు.

"అయితే హెక్టారు తీసేయాలా?" అని ఇంకొందరు అడుగుతారు. మేము అలా అనడం లేదు. మీటరు మంచి కొలతే, అంతా పదులతో సాగుతుంది, గుంటల తిప్పలు ఉండవు. రేపు మన పిల్లలు అందులోనే లెక్క వేసుకోవచ్చు. మేము చెప్పేది ఒక్కటే. కాగితం రాసేవాడే రెండు కొలతల్లోనూ రాయాలి. మార్చే భారం, మార్చడంలో వచ్చే తప్పు, ఆ తప్పుకు అయ్యే ఖర్చు రైతు మీద వేయకూడదు.

మన డిమాండ్లు

1. పరిహారం, రాయితీ, బీమా, భూసేకరణకు సంబంధించిన ప్రతి ఉత్తర్వు, ప్రకటన హెక్టారుతో పాటు ఎకరం, గుంట లేదా సెంటులో ఉండాలి. తెలుగులో ఉండాలి.

2. ఎకరాలకు, గుంటలకు మధ్య చుక్క పెట్టడం ఆపాలి. ఎకరాల గడి వేరుగా, గుంటల గడి వేరుగా ఉండాలి. బ్యాంకులు, బీమా సంస్థలు, రాయితీ దరఖాస్తులు అన్నిటికీ ఇది వర్తించాలి.

3. హెక్టారును ఎకరంలోకి మార్చేటప్పుడు 2.471 వాడాలి. చివరి అంకె సర్దాల్సి వస్తే రైతు వైపు సర్దాలి.

4. "రెండు హెక్టార్లు" అని ఉన్న ప్రతి చోటా నిండు ఐదెకరాల రైతును చిన్న రైతుగా, పదెకరాల పోడు రైతును నాలుగు హెక్టార్ల వాడిగా పరిగణించేలా నిబంధన సవరించాలి.

5. పురుగుమందు, ఎరువుల సంచుల మీద ఎకరా మోతాదు పెద్ద అక్షరాలతో తెలుగులో ముద్రించాలి.

6. రీసర్వే కాగితంలో పాత విస్తీర్ణం, కొత్త విస్తీర్ణం పక్కపక్కన, ఒకే కొలతలో చూపాలి. తేడా ఉంటే కారణం రాయాలి. హద్దు చూపకుండా సంతకం అడగకూడదు.

7. భూమి తీసుకుని స్థలం ఇచ్చే ప్రతి ఒప్పందంలో ఇచ్చేది, తీసుకునేది రెండూ గజాల్లో, శాతంలో రాయాలి.

కత్తిరించి గోడకు అంటించండి

1 ఎకరం = 40 గుంటలు = 100 సెంట్లు = 4,840 గజాలు = 4,047 చదరపు మీటర్లు

1 గుంట = 2.5 సెంట్లు = 121 గజాలు = 101 చదరపు మీటర్లు

1 సెంటు = 48.4 గజాలు = 40.5 చదరపు మీటర్లు

1 హెక్టారు = 10,000 చదరపు మీటర్లు = 2 ఎకరాల 47 సెంట్లు = 2 ఎకరాల 18.8 గుంటలు

గుంటలను సెంట్లు చేయాలంటే రెండున్నరతో హెచ్చించండి. హెక్టారుకు చెప్పిన ఎరువు, మందు ఎకరాకు తెలియాలంటే నాలుగుతో హెచ్చించి పదితో భాగించండి. ఎరువుకు ఈ లెక్క చాలు. డబ్బుకు, పట్టాకు చాలదు, అక్కడ 2.471తో భాగించమని పట్టుబట్టండి.

ఈ నెల గ్రామ కమిటీ సమావేశాల్లో ప్రతి సభ్యుడూ తన పాస్ పుస్తకం, బ్యాంకు కాగితం, బీమా రసీదు తెచ్చుకోవాలి. మూడింట్లో విస్తీర్ణం ఒకటేనా అని చూసుకోవాలి. తేడా ఉన్నవాళ్ల పేర్లు, సర్వే నంబర్లు, తేడా ఎంతో రాసి మండల కమిటీకి పంపండి. అన్నీ కలిపి తహసీల్దారుకు, వ్యవసాయాధికారికి, బ్యాంకు మేనేజరుకు విడివిడిగా అర్జీలు ఇద్దాం. రసీదు తీసుకోకుండా ఎవరూ వెనక్కి రావద్దు. ఒక్కొక్కరుగా వెళ్తే "కంప్యూటర్లో అలాగే ఉంది" అంటారు. ఊరంతా కాగితాలతో వెళ్తే కంప్యూటర్ కూడా మారుతుంది.